కాళ్ళ నుంచి మొదలుపెట్టు, చెల్లె

"అక్కా, మాది మహారాష్ట్ర గడ్చిరోలీ జిల్లా, సిరోంచ తాలూకాలో ఒక పల్లె. నాకు 41 ఏళ్ళు. మా ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దుటికి లేవలేదు. కొడుకు చంద్రపూర్‌లో డిప్లొమా చదువుతున్నాడు, బిడ్డ పదకొండో తరగతి. ఇంట్లో అత్తమ్మ, నేను, బిడ్డ. కిరాణా కొట్టు నేనే నడుపుతున్నా. మూడో నెల నుంచి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, ముందు వెంట్రుకలు తెల్లబడ్డాయి. మడమలు పగిలి రక్తం వస్తోంది. బుగ్గల మీద మంగు కమ్మింది. వచ్చే నెల మంచిర్యాలలో మా అన్న కూతురి పెళ్ళి. 'నీలం చీర కట్టుకో అమ్మా, చిన్న టిక్లీ బొట్టు పెట్టుకో' అని బిడ్డ పోరుతోంది. మొన్న అద్దం ముందు పౌడరు రాసుకుంటుంటే అత్తమ్మ గడప దగ్గర నిలబడి ఒక్క చూపు చూసింది. ఏమీ అనలేదు. నేనే డబ్బా మూసేశా. తల దువ్వుకోవాలన్నా 'ఎవరి కోసం' అనిపిస్తుంది. నన్ను నేను చూసుకోవడం తప్పా? తప్పు కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?"

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. తప్పు కాదు. నీ మొదటి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు అంతే. పేజీ అంతా రెండో ప్రశ్నకు కావాలి.

బల్లార్షాలో ఇరవై రెండేళ్ళు పార్లర్ నడిపాను. కొత్తలో ఒకామె వచ్చింది, నుదురు ఖాళీగా, చేతులు ఖాళీగా. కూర్చోబెట్టి, అందరినీ అడిగినట్టే "ఏమన్నా ఫంక్షనా అక్కా?" అని అడిగాను. ఆమె ఒక్క నిమిషం నా మొహం చూసి, పర్సు తీసుకుని లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆమెకు ఏ ఫంక్షనూ లేదు, ఊరికే వచ్చింది. ఊరికే రావడానికే ఎన్ని రోజులు సోంచాయించుకుందో! ఆ తర్వాత ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. నిన్నూ అడగను. పెళ్ళి ఉంది కాబట్టి చేసుకో అని కూడా అనను. పెళ్ళి లేకపోయినా ఆ మడమలు నీవే.

నా లెక్కలో వరస ఇది: ముందు ఎవరూ చూడనివి, చివర అందరూ చూసేవి. నువ్వు తలకిందులుగా మొదలుపెట్టావు. పౌడరూ టిక్లీ ఊరి కంట పడేవి. వాటి మీద మాట వస్తుంది, మాట రాకముందే నీ చెయ్యి ఆగిపోతుంది. కాళ్ళకు నూనె రాసుకుంటే అడిగేవాళ్ళు ఎవరు?

రాత్రి కొట్టు మూసి, వంటిల్లు సర్దాక, చిన్న టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి పది పదిహేను నిమిషాలు కాళ్ళు పెట్టు. మరీ వేడి వద్దు, చర్మం ఇంకా ఎండిపోతుంది. రక్తం వచ్చే పగుళ్ళను రాయితో రుద్దొద్దు. అవి మూతపడేదాకా నానబెట్టి, తుడిచి, వాసెలిన్ మందంగా పూసి నూలు సాక్సులు వేసుకుని పడుకుంటే చాలు. పగులు పూడాక, వారానికి రెండుసార్లు కాళ్ళు రుద్దే రాయితో మెల్లగా. బ్లేడుతో గీకడం మాత్రం నువ్వూ చేయొద్దు, ఎవరితోనూ చేయించుకోవద్దు. మా పార్లర్లలో అది చేసి చెడగొట్టిన కాళ్ళు చాలా చూశాను. మీ అడవి వైపు ఇప్పగింజల నూనె దొరుకుతుంది కదా, చలికి గడ్డకట్టేది, అదీ మంచిదే. మెడికల్ షాపులో 'యూరియా ఉన్న కాళ్ళ క్రీము' అని అడిగితే ఇస్తారు. పేరు విని భయపడకు, పొలంలో చల్లే బస్తా కాదు, మొద్దుబారిన చర్మాన్ని మెత్తబరిచే మందు. అదీ పగుళ్ళు మూతపడ్డాకే రాయి, లేకపోతే మండుతుంది. షుగరు ఉంటే మాత్రం ఈ నానబెట్టడాలు మాని డాక్టరుకు చూపించు. ఇంకొకటి, కొట్లో సిమెంటు గచ్చు మీద రోజంతా వట్టి కాళ్ళతో నిలబడుతున్నావేమో. మడమ మూసి ఉండే చెప్పుల జత ఒకటి కొట్టు కోసమే పెట్టుకో.

పదిహేను రోజులు ఇది తప్ప ఇంకేమీ చేయకు. నిజంగానే అంటున్నా. దుఃఖంలో ఉన్న మనిషి ఒక్కసారిగా అన్నీ మొదలుపెడితే మూడో రోజు అన్నీ వదిలేస్తుంది. ఆ వదిలేయడం ఇంకో బాధ.

తర్వాత జుట్టు. మూడో నెలలో మొదలైందని రాశావు చూడు, అది చదవగానే నాకు సగం ధైర్యం వచ్చింది. మన తల మీద వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. ఎక్కువ భాగం పెరుగుతుంటాయి, కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అది కాన్పైనా, విషజ్వరమైనా, చావైనా, ఒంటికి అదే షాకు, పెరుగుతున్న వాటిలో చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. అక్కడ రెండు మూడు నెలలుండి రాలతాయి. అందుకే మనిషి పోయిన వారం కాదు, ఏడుపు కాస్త తగ్గి అందరూ ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయాక దువ్వెన నిండా జుట్టు వస్తుంది. 'ఇప్పుడెందుకు ఊడుతోంది, నాకింకేదో రోగం' అని ఆడవాళ్ళు బెదిరిపోయేది అక్కడే. కుదుళ్ళు చావవు. మామూలుగా ఆరు నెలల్లో రాలడం తగ్గి కొత్తది వస్తుంది.

కిటికీ దగ్గర వెలుగులో నుదుటి అంచు చూసుకో. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈపాటికి అక్కడ వేలెడేసి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉండాలి. ఉంటే నూనెలూ సీరమ్‌లూ కొనకు, అవి రాయకపోయినా పెరుగుతుంది. రోజుకు యాభై నుంచి వంద దాకా ఊడటం ఎవరికైనా మామూలే. పద్నాలుగు నెలల తర్వాత కూడా కుచ్చులుగానే వస్తుంటే మాత్రం అది దుఃఖం ఒక్కటే కాదు. మీ తాలూకా దవాఖానలో రక్తపరీక్ష చేయించు, థైరాయిడ్ కూడా అడుగు. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. అది సరికాకుండా తలకు ఏం రాసినా దండగ.

నువ్వు రాయలేదు కానీ అడుగుతాను. ఏం తింటున్నావు? బిడ్డకు డబ్బా కట్టి, అత్తమ్మకు వడ్డించి, కొట్లో గిరాకీ మధ్యలో పచ్చడి మెతుకులు నిలబడి మింగుతున్నావని నా అనుమానం. ఆయన ఉన్నప్పుడు ఆయన కోసమని వండిన చేపల కూర, ఆయన పోయాక ఇంట్లో ఎన్నిసార్లు వండావు? వెంట్రుక, గోరు, చర్మం అన్నీ మాంసకృత్తులతో కట్టినవే. రోజూ ఒక గుడ్డు, గట్టి పప్పు, ఆకుకూర. ప్రాణహిత ఒడ్డున ఉండి చేపలు తినకపోతే ఎట్లా? కూర్చుని తిను. పళ్ళెంలో పెట్టుకుని తిను. అందం పేజీలో ఇదేం సలహా అనుకుంటావేమో, నా పార్లర్‌లో ఏ ఫేషియలూ ఇంత పని చేయలేదు.

తెల్లజుట్టుకు రంగు వేసుకోవాలనిపిస్తే వేసుకో, తొందరేం లేదు. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. అది కొందరికి పడదు, నుదురంతా పొక్కి కళ్ళు మూసుకుపోయేంత వాస్తుంది. ముందు మోచేయి లోపలి వైపు చిన్న చుక్క పెట్టి 48 గంటలు ఆగు. 'నల్ల మెహందీ' అని అమ్మే పొట్లాల్లో చాలావాటిలోనూ అదే ఉంటుంది, పేరు చూసి ఆకు పొడి అనుకోకు. వట్టి గోరింటాకు పొడి నలుపు ఇవ్వదు, ఎర్రగా వస్తుంది. పెళ్ళికి రెండు రోజుల ముందు మొదటిసారి రంగు ప్రయోగం చేయకు. వేసుకుంటే ఈ వారమే వేసుకుని చూడు.

మంగు గురించి కాస్త గట్టిగానే చెప్తాను. పొరుగామె 'ఈ ట్యూబు రాయి, వారంలో తెల్లగా అవుతావు' అని మెడికల్ షాపు నుంచి తెచ్చి ఇస్తుంది. ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారం నిజంగానే మెరుస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, ఎర్రబారుతుంది, మొటిమలు, బుగ్గల మీద వెంట్రుకలు. మానితే ఇంకా మండుతుంది. డాక్టరు చీటీ లేకుండా అట్లాంటిది ముఖానికి పెట్టకు. బ్లీచ్ కూడా ఇప్పుడు వద్దు. మంగుకు అసలు శత్రువు ఎండ. మన వైపు ఎండ గురించి నీకు చెప్పాలా? ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ ఒకటి కొను, రెండు వేళ్ళ పొడవునా పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. బయటికి పోయే ముందు రాసుకో, పైన కొంగు కప్పుకో. మంగు నెలల మీద తగ్గుతుంది, పెళ్ళి నాటికి పోదు. పోతుందని ఎవరన్నా అంటే వాళ్ళు నీకేదో అమ్ముతున్నారు.

ఇక అత్తమ్మ.

ఆ చూపును నువ్వు 'సిగ్గులేదా' అని చదువుకున్నావు. నేను అక్కడ లేను కాబట్టి కాదని చెప్పలేను. కానీ చెల్లె, ఆ గడపలో నిలబడ్డది నీ అత్త ఒక్కతే కాదు, కొడుకును పోగొట్టుకున్న తల్లి కూడా. నువ్వు అద్దం ముందు కూర్చుంటే వెనక ఆయన నిలబడి తొందర పెట్టేవాడేమో. ఆమెకు కనిపించింది నీ పౌడరు కాకపోవచ్చు, ఆ ఖాళీ కావచ్చు. అందరూ నీ దగ్గరికి వచ్చి ఏడ్చారు. పద్నాలుగు నెలల్లో ఆమె తల ఎవరన్నా దువ్వారా?

ఒక ఆదివారం మధ్యాహ్నం కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి 'రా అత్తమ్మా, తలకు రాస్తా' అను. వద్దంటుంది. ఇంకో ఆదివారం మళ్ళీ అను. ఆమె కూర్చున్న రోజు ఏమీ మాట్లాడకు, పౌడరు మాట అసలే ఎత్తకు. నూనె రాయి, చిక్కు తీయి, ముడి వెయ్యి. తర్వాత ఆమే 'నీ తల ఎట్ల అట్టకట్టిందో చూడు, ఇటు తిరుగు' అంటే అప్పుడు తిరుగు. అనకపోతే నీ బిడ్డతో రాయించుకో. ఇట్లా చేస్తే ఆమె మనసు మారుతుందని హామీ ఇవ్వను. కొందరు మారరు. మారకపోతే కూడా ఆమె తలకు నూనె అంటుతుంది, అది దండగ పోదు.

టిక్లీకి వద్దాం. మొన్న సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా మీ వాడలో హల్దీకుంకూలు, అదే ముత్తయిదువల పసుపు కుంకుమ పేరంటాలు, జరిగే ఉంటాయి. నిన్ను పిలవలేదు, లేదా పిలిచి కుంకుమ భరిణె నీ ముందు నుంచి పక్కామెకు దాటించారు. ఉత్తరంలో లేకపోయినా నాకు తెలుసు, మా అమ్మకు అదే జరిగేది. తెలుగువాళ్ళం బతుకమ్మ దగ్గర ఒకలా, మరాఠీ వాడల్లో ఇంకోలా, రెండు భాషల్లోనూ పక్కన పెట్టడం మాత్రం బాగా నేర్చుకున్నాం.

ఒక సంగతి తెలుసుకుని ఉండు. మన రాష్ట్రానికి ఆ కొసన కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే ఊరుంది. 2022 మేలో ఆ గ్రామపంచాయతీ ఒక తీర్మానం చేసింది, భర్త పోయిన ఆమె కుంకుమ చెరపడం, గాజులు పగలగొట్టడం, మట్టెలు, మంగళసూత్రం తీయించడం ఇకపై ఊళ్ళో వద్దని. అదే నెలలో ప్రభుత్వం ఆ తీర్మానాన్ని చూపించి, మిగతా పంచాయతీలు కూడా ఆ బాట పట్టాలని సర్క్యులర్ ఇచ్చింది. సర్క్యులర్ వచ్చి నీకు బొట్టు పెట్టదు, నాకూ తెలుసు. కానీ ఎవరన్నా 'మన ధర్మం' అని నోరు పెద్దది చేస్తే, ఒక ఊరు ఊరంతా కూర్చుని వద్దనుకున్న సంగతి నీ చేతిలో ఉంటుంది. చూపించాలా, జేబులో పెట్టుకోవాలా నీ ఇష్టం.

పెట్టుకోవాలనిపించకపోతే పెట్టుకోకు, అదీ చెప్తున్నా. ఆయన లేకుండా ఆ నుదుట ఏదీ వద్దనిపిస్తే అది నీ మనసు, దానికి బిడ్డకైనా జవాబు చెప్పనక్కర్లేదు. వద్దన్నది నువ్వా, ఊరా అన్నది ఒక్కటే చూసుకో. ముందు ఇంట్లో, తలుపేసుకుని, గంటసేపు పెట్టుకుని చూడు. ఏడుపొస్తే తీసేయి, ఇంకో నెలకు చూద్దువు. ఏడాదికి పైగా వాడని చర్మం కదా, అంటించే బిళ్ళల జిగురు కొందరికి పడదు, దురద పెట్టి అదే చోట తెల్లమచ్చ వస్తుంది. రాత్రి తీసి పడుకో. దురద వస్తే ఆ బిళ్ళలు మానేసి మంచి కుంకుమో కాటుక చుక్కో పెట్టుకో.

'ఎవరి కోసం' అన్నావు. నాకు పన్నెండేళ్ళప్పుడు నాన్న బొగ్గు బావిలో పని నుంచి వచ్చి మంచం పట్టి పోయాడు. ఆ తర్వాత అమ్మ తల దువ్వుకోవడం నేను చూడలేదు. కానీ అమ్మ జుట్టు ఎప్పుడూ నున్నగానే ఉండేది. ఎట్లా అని చాలా ఏళ్ళు తట్టనే లేదు. పెద్దయ్యాక ఒకరోజు బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగున అరచేతంత పగిలిన అద్దం తగిలింది, పళ్ళు విరిగిన దువ్వెనతో పాటు. తెల్లవారుజామున మేం లేవకముందు, తలుపు వెనక, చీకట్లో దువ్వుకునేది. చీకట్లో అద్దం ఎందుకో నాకిప్పటికీ తెలీదు. ఎవరి కోసమని అడుగుదామనుకుని ఊరుకున్నా. ఆ డబ్బా పక్కన ఇంకో అద్దం కొని పెట్టా, కాస్త పెద్దది. అమ్మ ఏమీ అనలేదు, వాడింది.

నీ బిడ్డకు పదహారేళ్ళుంటాయి. టిక్లీ పెట్టుకో అని ఊరికే పోరుతోందనుకోకు. ఆ పిల్లకు ఒక మనిషి పోయాడు, ఇంకో మనిషి కళ్ళ ముందే మాసిపోతోంది. నీ తల దువ్వే పని వారానికి ఒక్కరోజు ఆమెకు ఇవ్వు.

పేజీకి సంబంధం లేనివి రెండు. పొద్దున లేవడమే బరువై, కొట్టు తెరవబుద్ధి కాక, 'నేనూ పోతే బాగుండు' అన్న ఆలోచన వస్తుంటే ఏ నూనే దానికి పనికిరాదు. 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు. ఏడాది దాటాక కూడా మొదటి వారంలో ఉన్నట్టే ఉంటే అది బలహీనత కాదు, వైద్యం ఉన్న బాధ. రెండోది, సంజయ్ గాంధీ నిరాధార్ పథకం కింద భర్త పోయినవాళ్ళకు నెలకు 1500 రూపాయలు వస్తాయి. నీ ఆదాయానికి వర్తిస్తుందో లేదో తహసీల్ కచేరీలో ఒకసారి అడుగు. సన్‌స్క్రీన్‌కు, గుడ్లకు అవే పనికొస్తాయి.

పెళ్ళి మాట. నీలం చీర కట్టుకో. బిడ్డ అడిగింది కదా, పైగా నీలం పేరుతో ఎవరూ పెద్దగా గొణగలేరు. పట్టు బరువనిపిస్తే మెత్తటి నూలు చీరైనా ఫర్వాలేదు, ఫాల్ కుట్టి, ఇస్త్రీ పెట్టి ఉంటే చాలు. ముఖానికి సన్‌స్క్రీన్, పెదవులకు వాసెలిన్, ఇంతే. నలుగు పెట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు నిన్ను వెనక్కి జరగమని ఎవరన్నా అంటే ఏం చేయాలో ఇప్పుడే మీ వదినతో మాట్లాడి పెట్టుకో. మేనత్తవి నువ్వు. పిల్ల పక్కన నీ చోటు ఏదో ఆమె ముందే చెప్పి ఉంచితే ఆ రోజు ఎవరి నోరూ లేవదు. చెప్పనంటే కూడా ముందే తెలుస్తుంది, అక్కడికి పోయి దెబ్బ తినవు.

బస్సుకు చిల్లర పెట్టుకో. మన లాల్‌పరిలో, అదే మహారాష్ట్ర ఎర్ర బస్సులో, ఆడవాళ్ళకు సగం టికెట్టే కానీ, వంతెన దాటి తెలంగాణ బస్సెక్కితే ఉచితం ఆ రాష్ట్రం గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకే, నీ గడ్చిరోలీ కార్డుకు మొత్తం టికెట్ కొడతారు. చిక్కిపోయావని అనుకుంటున్నా, పోయినేడాది జాకెట్లు వదులై ఉంటాయి. రేపే ఒకటి తొడిగి చూసి రెండు పక్కలా కుట్లు వేయించు. పెళ్ళిళ్ళ రోజులు, చివరి వారంలో టైలరు ముట్టుకోడు.